ట్యూబు పూసేముందు: తామర, ఎగ్జిమా, సోరియాసిస్, గజ్జి వేరు చేసుకునే పద్ధతి

ఒంటిమీద దురద పెట్టే మచ్చ లేవగానే ఎక్కువమంది చేసే మొదటి పని మందుల షాపులో ట్యూబు అడగడం. చేతికొచ్చేది చాలాసార్లు మూడు మందులు కలిపిన క్రీము: క్లోబెటసాల్ లాంటి ఘాటైన స్టీరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక బ్యాక్టీరియా మందు. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది కాబట్టి సరైన మందే పడిందనిపిస్తుంది. కానీ స్టీరాయిడ్ దేనిమీద పూసినా మంటా దురదా తగ్గిస్తుంది. ఎగ్జిమా అయితే కొంత మేలు. తామర అయితే పైన చల్లబడి కింద ఫంగస్ విస్తరిస్తుంది. గజ్జి అయితే పురుగు చావదు. అన్నిటికంటే పెద్ద నష్టం, జబ్బును గుర్తుపట్టే ఆనవాళ్ళు చెరిగిపోవడం. నెలరోజులు పూశాక డాక్టరు దగ్గరికి పోతే ఆయనకూ అది ఏ జబ్బో చటుక్కున తేలదు. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇలాంటి స్టీరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మకం మాత్రం ఆగలేదు.

అందుకే పూతకు ముందు ఒక పావుగంట పెట్టి కింది వరుసలో చూసుకోండి. జబ్బు పేరు కచ్చితంగా తేలకపోయినా, ఏది కాదో తేలుతుంది. డాక్టరు దగ్గరికి ఎంత తొందరగా పోవాలో కూడా తెలుస్తుంది.

1. పగటి వెలుగులో, ఒళ్ళంతా

ట్యూబులైటు కింద రంగులు సరిగా కనపడవు. ఉదయంపూట వాకిట్లోనో కిటికీ పక్కనో నిలబడి చూడాలి. మచ్చ మోచేతిమీద ఉందని మోచేయి ఒక్కటే చూడొద్దు. తల, చెవుల వెనక, నోటి లోపల బుగ్గలు, బొడ్డు, నడుం కింద, గజ్జలు, వేళ్ళ సందులు, గోళ్ళు, అరికాళ్ళు అన్నీ చూడండి. మోచేతి మచ్చకు జవాబు గోటిమీద ఉండొచ్చు.

చర్మ జబ్బుల పుస్తకాల్లో 'ఎర్రటి మచ్చ' అని రాసి ఉంటుంది. అది తెల్లతోలు మనుషుల సంగతి. మన చామనచాయ ఒంటిమీద వాపు ఎర్రగా కాకుండా ఊదాగానో, బూడిదరంగులోనో, ముదురు గోధుమరంగులోనో కనిపిస్తుంది. నలుపు ఒళ్ళయితే కంటికంటే చెయ్యే నమ్మకం. వేలి వెనకవైపు ఆనించి మచ్చ వెచ్చగా ఉందా, మందంగా ఉందా, గరుకుగా ఉందా చూడండి. మచ్చ మానాక మిగిలే నలుపును జబ్బు ముదరడంగా పొరపడొద్దు. పొలుసు, దురద, మందం పోయి రంగు మాత్రమే మిగిలితే అది మానిన గుర్తు. రంగు పోవడానికి నెలలు పడుతుంది.

పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీసుకోండి. మూడు రోజులకోసారి అదే వేళ, అదే చోట ఇంకోటి. పెరుగుతోందో తగ్గుతోందో వాదన ఉండదు.

2. అంచు ఎలా ఉంది

అన్నిటిలోకీ ఎక్కువ చెప్పేది ఇదే. కళ్ళు మూసుకుని వేలికొనను మంచి చర్మం మీంచి మచ్చమీదికి మెల్లగా జరపండి.

ఎక్కడ మొదలైందో తెలీకుండా గరుకులోకి జారిపోతే ఎగ్జిమా వైపు ఆలోచించాలి. దానికి గిరిగీసిన హద్దు ఉండదు, చుట్టుపక్కల చర్మంలో కలిసిపోతుంది. పొంగు మీద ఉన్నప్పుడు సన్నటి నీటిపొక్కులు, రసి కారడం, పక్కు కట్టడం ఉంటాయి. పాతబడితే గోకి గోకి చర్మం దళసరై గీతలు లోతుగా తేలతాయి.

మెట్టు ఎక్కినట్టు వేలికి తగిలి, లోపలంతా ఒకే మందం ఉంటే సోరియాసిస్ కావచ్చు. మచ్చ మొత్తం ఒకే తీరుగా ఉంటుంది, నడుమ ఖాళీ ఉండదు.

అంచు మాత్రమే లేచి, చిన్న గుల్లలతో, పొలుసుతో చురుగ్గా ఉండి, నడుమ దాదాపు మామూలు చర్మంలా ఉంటే తామర. అది అంచు దగ్గర బతుకుతూ బయటికి పాకుతుంది. వారం కిందటి ఫోటోతో పోల్చి చూస్తే చుట్టు పెద్దదైనట్టు తెలుస్తుంది.

ఇక్కడ రెండు తికమకలున్నాయి. ఒకటి, బిళ్ళ ఎగ్జిమా. పిక్కలమీద, చేతులమీద నాణెంలా గుండ్రంగా వస్తుంది, అందుకే తామర అనుకుంటారు. తేడా నడుమన ఉంది: బిళ్ళ ఎగ్జిమాలో నడుమ కూడా చెమ్మగా, పక్కుకట్టి ఉంటుంది. రెండోది, స్టీరాయిడ్ రుచి మరిగిన తామర. అంచు మాసిపోతుంది, చుట్టులో చుట్టు లేస్తుంది, మొటిమల్లాంటి గుల్లలు వస్తాయి, మందు ఆపగానే మూడో రోజుకు రెట్టింపు దురదతో తిరగబడుతుంది. గజ్జల్లో నెలల తరబడి పూసినవాళ్ళకు కానుపుచారల్లాంటి చీలికలు పడతాయి. అవి పూర్తిగా పోవు.

ఇప్పుడు దేశమంతటా తిరుగుతున్న మొండి తామరకు కారణం ఎక్కువగా ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్. టెర్బినఫిన్ అనే పాత నమ్మకమైన మాత్రకు దీనిలో చాలా రకాలు లొంగడం లేదు. అందుకే మాత్ర, మోతాదు, ఎన్ని వారాలన్నది డాక్టరే చెప్పాలి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్ళకూ ఒకేసారి వైద్యం జరగాలి. తువాలు, లుంగీ, పక్కగుడ్డలు ఎవరివి వాళ్ళకుండాలి. సముద్రపు గాలిలో సరిగా ఆరని లోదుస్తులు, బిగుతు జీన్సు, చెమటకు నానిన మొలతాడు, ఈ మూడూ తామరకు సగం బలం.

3. ఏ చోట వచ్చింది

చిన్నప్పటినుంచీ ఉన్న ఎగ్జిమా మడతల్ని వెతుక్కుంటుంది: మోచేతి లోపలివైపు, మోకాలి వెనక, మెడ, మణికట్టు. పసిబిడ్డల్లో మాత్రం బుగ్గలు, తల, కాళ్ళూ చేతుల బయటివైపు, డైపర్ కట్టే చోటు తప్ప. ఒళ్ళు పుట్టుకతోనే పొడిగా ఉండటం, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసమో, తుమ్ములతో ముక్కు కారడమో ఉండటం దీనికి తోడు సాక్ష్యాలు.

సోరియాసిస్ దీనికి తిరగేసి: మోచేతి మొన, మోకాలి చిప్ప, నడుం కింద, తల. తలలో అయితే చేత్తో తడిమితే గడ్డకట్టినట్టు తగులుతుంది, జుట్టు అంచు దాటి నుదుటిమీదికి వస్తుంది. గోళ్ళలో గుండుసూది పొడిచినట్టు గుంటలు, గోటికింద నూనె చుక్క పడ్డట్టు పసుపు మచ్చ, గోరు చివర లేచిపోవడం కనిపిస్తే అనుమానం బలపడుతుంది. పొద్దున్నే వేళ్ళ కీళ్ళు అరగంటకు పైగా పట్టేయడం, ఒక వేలు మొత్తం ఉబ్బడం ఉంటే అదే జబ్బు కీళ్ళకూ తాకిందని అర్థం. కీలు ఒకసారి పాడైతే తిరిగి రాదు కాబట్టి దాన్ని వాయిదా వెయ్యొద్దు. చంకలు, గజ్జల్లో వచ్చే సోరియాసిస్‌కు పొలుసు ఉండదు, నున్నగా మెరుస్తుంది. దాన్ని తామర అనుకుని ఏళ్ళు గడిపేవాళ్ళున్నారు.

కనుబొమలు, ముక్కు పక్క గీతలు, చెవుల వెనక, రొమ్ము నడుమ జిడ్డుగా పసుపు పొలుసు లేస్తే సెబోరిక్ డెర్మటైటిస్, చుండ్రుకు అన్న లాంటిది. మన ఒంటిమీద ఆ చోట్లు తెల్లబారి కనిపిస్తాయి, దాంతో బొల్లి అని భయపడతారు. బొల్లి మచ్చమీద పొలుసు ఉండదు, రంగు సున్నంలా పూర్తిగా తెల్లగా ఉంటుంది. ఈ జబ్బుకు తలకు నూనె పెట్టి రాత్రంతా వదిలేయడం చెరుపే, ఆ జిడ్డుమీద బతికే ఫంగస్‌కు అది మేత.

మణికట్టు లోపలివైపు, చీలమండల దగ్గర ఊదారంగులో, పైన చదునుగా మెరిసే చిన్న గుల్లలు లైకెన్ ప్లానస్ అనే జబ్బువి. నోరు తెరిచి బుగ్గ లోపల చూడండి. తెల్లటి సాలెగూడు గీతలుంటే ఇక పెద్దగా అనుమానం అక్కర్లేదు.

వీపుమీదా పొట్టమీదా కోలగా, పలచటి పొలుసుతో పదుల మచ్చలు ఒక్కసారిగా లేస్తే, అంతకు వారం రెండు వారాల ముందు ఒకే ఒక్క పెద్ద మచ్చ వచ్చిందా అని గుర్తు చేసుకోండి. వస్తే అది పిటిరియాసిస్ రోజియా, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తనంతట తనే పోతుంది. ఇవే మచ్చలు అరిచేతుల్లో, అరికాళ్ళలో కూడా ఉంటే మొహమాటపడకుండా సిఫిలిస్ రక్తపరీక్ష చేయించుకోవాలి.

4. పొలుసు

మైకా రేకుల్లా వెండిరంగులో, పొరలు పొరలుగా రాలితే సోరియాసిస్. పొలుసు గట్టిగా పీకితే సూదిమొనలంత రక్తపు చుక్కలు వస్తాయని చదివి పరీక్ష చేసి చూడొద్దు. సోరియాసిస్, లైకెన్ ప్లానస్ రెండూ గీరినచోట, దెబ్బతగిలినచోట కొత్తగా లేస్తాయి. మెడ, రొమ్ము, భుజాలమీద లేత మచ్చల్ని గోటితో మెల్లగా గీస్తే సన్నటి పిండి రాలితే సోబి. దానికి మందు వాడి ఫంగస్ చచ్చినా రంగు కలవడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ తెలుపు చూసి మళ్ళీ మళ్ళీ మందు పూసేవాళ్ళే ఎక్కువ.

5. దురద ఎప్పుడు, ఇంట్లో ఇంకెవరికి

రాత్రి పక్కమీద పడుకున్నాకే దురద పెచ్చరిల్లి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే, వేరే రుజువయ్యేదాకా గజ్జి అనుకోండి. వేళ్ళ సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ, చనుమొనల దగ్గర, మగవాళ్ళలో మర్మాంగం మీద గుల్లలు వెతకండి. హాస్టలు పిల్లలు సెలవులకు ఇంటికొచ్చాక మూడు నాలుగు వారాల్లో ఇల్లంతా గోక్కోవడం మొదలైతే లెక్క సరిపోతుంది.

దీనికి వాడే పెర్మెత్రిన్ 5% క్రీము పని చెయ్యలేదనే ఫిర్యాదులో చాలావరకు వాడకంలో లోపమే. గుల్లలున్న చోటే పూయడం ఒక తప్పు. గడ్డం కిందినుంచి అరికాళ్ళదాకా, గోళ్ళ కింద, పిరుదుల మధ్య, ఏ చోటూ వదలకుండా పట్టించాలి. రాత్రి పూసి 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్ళీ రాయాలి. దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ అదే రాత్రి పూసుకోవాలి. వారం తరవాత మళ్ళీ ఒకసారి. పసిబిడ్డలకూ గర్భిణులకూ డాక్టరును అడిగి వాడాలి. పూతకు ముందు మూడు రోజుల్లో కట్టిన బట్టలు, వాడిన దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి, ఉతకలేనివి మూటకట్టి కనీసం మూడు రోజులు పక్కన పడెయ్యాలి. పురుగు చచ్చాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది, అది మందు విఫలమవడం కాదు.

దద్దుర్లకు వేరే పరీక్ష ఉంది. ఒక దద్దురు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి టైము చూసుకోండి. 24 గంటల్లోపు ఆ గీతలోంచి అది మాయమై వేరేచోట లేస్తే అసలు దద్దుర్లే. రోజు దాటినా అక్కడే ఉండి, మంటపెట్టి, కమిలిన మచ్చ మిగిల్చిపోతే అది రక్తనాళాల వాపు కావచ్చు, పరీక్షలు అవసరం.

6. ఏ పని చేస్తున్నారు, ఏం తాకుతున్నారు

డాక్టరు అడిగే తీరిక లేక వదిలేసే ప్రశ్న ఇదే. ఒక కొలత చెప్పుకోవచ్చు: సంక్రాంతికి వారం పని మానేస్తే తగ్గి, పనిలోకి దిగాక తిరిగొస్తే కారణం పనిలోనే ఉంది.

రొయ్యల చెరువుల దగ్గర సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపే చేతులకు వచ్చేది ఎక్కువగా ఒరుపు రకం, అంటే అలర్జీ కాదు, తాకిన రసాయనమే చర్మాన్ని ఒరిపేస్తుంది: దురదకంటే మంట ఎక్కువ, గంటల్లోనే మొదలవుతుంది, వేళ్ళ సందులూ చేతి వెనకవైపూ ముందు పగులుతాయి. ఇది ఎవరికైనా వస్తుంది. రొయ్యలు వలిచేవాళ్ళలో కొందరికి పచ్చి రొయ్య తాకిన కొన్ని నిమిషాలకే చేతులు దురదపెట్టి దద్దుర్లు లేస్తాయి, అది రొయ్యలోని ప్రొటీన్ పడకపోవడం. అలాంటివాళ్ళు రొయ్య తిన్నప్పుడు పెదవులు, గొంతు దురద పెడుతున్నాయా అని కూడా గమనించాలి. రబ్బరు తొడుగులు వేసుకున్నాక ఎక్కువైతే, మచ్చ సరిగ్గా తొడుగు అంచు దగ్గర మణికట్టుకు ఆగిపోతే, రబ్బరే పడటం లేదు. వినైల్ తొడుగు, లోపల నూలు తొడుగు వేసుకోవాలి.

సిమెంటు పనిలో రెండు వేర్వేరు ప్రమాదాలున్నాయి. తడి సిమెంటులో గంటలకొద్దీ మోకాళ్ళూ పాదాలూ నానితే క్షారానికి కాలి పుండ్లు పడతాయి. మొదట నొప్పి తెలియకపోయినా కొన్ని గంటల్లో బయటపడుతుంది. రెండోది సిమెంటులోని క్రోమియం పడకపోవడం. ఏళ్ళు పనిచేశాక ఒకరోజు మొదలై, ఆ తరవాత కొంచెం తగిలినా తిరగబడుతుంది.

గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటల్లో, మార్కెట్లలో చేసేవాళ్ళకు నిమ్మరసం చేతికంటి ఆపైన ఎండ తగిలితే ఒకటి రెండు రోజులకు మంట, బొబ్బలు, ఆ తరవాత కారిన చారలాగా నల్లటి గీతలు పడతాయి. చూసినవాళ్ళు పురుగు పాకిందనుకుంటారు. ఇది అలర్జీ కాదు, నిమ్మతొక్కలోని పదార్థం ఎండతో కలిసి చేసే పని. నల్లగీతలు వారాలనుంచి నెలలు ఉండి పోతాయి. కోసిన చేతుల్ని ఎండలోకి రాకముందే సబ్బుతో కడిగితే చాలు. ఇదే కారణానికి తామరమీద నిమ్మకాయ రుద్దడం, సోబిమీద నిమ్మరసం పట్టించడం మానాలి. వెల్లుల్లి నూరి కట్టడం ఇంకా చెరుపు, చర్మం నిజంగానే కాలుతుంది.

ఇక వయ్యారిభామ. వానలయ్యాక చేలగట్లమీద, రోడ్డువారల తెల్లటి పూతతో నిండిపోయే ఈ కలుపు గాలిలోనే వచ్చి తగులుతుంది. నడివయసు దాటిన రైతుల మొహం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు దళసరై నల్లబడతాయి. ఎండకు వచ్చిందని అనుకుంటారు. తేడా పట్టుకోవడానికి రెప్పలమీద, చెవుల వెనక, గడ్డం కింద చూడండి. ఎండ ఈ చోట్లకు తగలదు కాబట్టి ఎండ జబ్బులో ఇవి బాగుంటాయి. గాలిలో వచ్చే పొడి మాత్రం వీటినీ వదలదు. మొక్కను ఉత్తచేతుల్తో పీకొద్దు, తగలబెట్టొద్దు.

మిగతావి చిన్నగా: బొడ్డు కింద ఒక్కచోటే మచ్చ ఉంటే బెల్టు బకిలు, చెవితమ్మెలకు వస్తే గిల్టు నగ, రెండిట్లోనూ దోషి నికెల్. తలకు రంగు వేసిన ఒకటి రెండు రోజులకు రెప్పలు, చెవులు వాచిపోతే ఇక జన్మలో ఆ రంగు ముట్టకూడదు. ఏది పడటం లేదో తేలకపోతే ప్యాచ్ టెస్ట్ ఉంది: వీపుమీద పట్టీలు అంటించి 48 గంటలుంచుతారు, తీసినప్పుడు ఒకసారి, మళ్ళీ 96 గంటలకు ఇంకోసారి చూస్తారు. ఆ నాలుగు రోజులు వీపు తడవకూడదు, చెమట పట్టే పని చెయ్యకూడదు. రోళ్ళు పగిలే ఎండల్లో కాకుండా చలికాలంలో చేయించుకోవడం మేలు.

7. దురదే లేని మచ్చ

పాలిపోయిన లేదా రాగిరంగు మచ్చ, దురద లేదు, పొలుసు పెద్దగా లేదు. అలాంటప్పుడు దూదిని సన్నగా పేని, మనిషిని కళ్ళు మూసుకోమని, మచ్చమీదా మంచి చర్మంమీదా మార్చి మార్చి తాకించండి. తాకినచోట వేలు పెట్టమనండి. మచ్చమీద తాకింది తెలియకపోతే, అక్కడ వెంట్రుకలు పలచబడి చెమట పట్టకపోతే కుష్ఠు అనుమానించాలి. ఈ జబ్బుకు మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. రకాన్నిబట్టి 6 లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది. ఆలస్యం చేస్తే పోయిన నరం తిరిగి రాదు.

పిల్లల బుగ్గలమీది పాలిపోయిన మచ్చలకు స్పర్శ మామూలుగానే ఉంటుంది, అవి పొడి చర్మానివి. కడుపులో పురుగులకూ వాటికీ సంబంధం లేదు.

8. తేలేదాకా ఏం చెయ్యొచ్చు

ఏ జబ్బయినా చెడిపోని పని తేమపూత. గోరువెచ్చటి నీళ్ళతో పది నిమిషాల్లోపు స్నానం ముగించి, అద్దుకున్నట్టు తుడిచి, ఒళ్ళు చెమ్మగా ఉన్నప్పుడే, మూడు నాలుగు నిమిషాల్లోపు, వాసన లేని మాయిశ్చరైజరో తెల్ల వాజలీనో పట్టించాలి. ఒళ్ళంతా పొడిగా ఉన్న పెద్దవాళ్ళకు వారానికి 250 గ్రాములు పడుతుంది. చిన్న డబ్బా నెలంతా వచ్చిందంటే సరిగా పూయడం లేదనే. గజ్జల్లో, చంకల్లో మాత్రం దళసరి పూత వద్దు, పొడిగా ఉంచాలి.

డాక్టరు స్టీరాయిడ్ పూత రాస్తే భయపడి చుక్క చుక్క పూయడమూ తప్పే. చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము. అది వేళ్ళతో కలిపి రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఎన్ని రోజులో అడిగి రాయించుకోండి, మొహానికి చెప్పనిదే మొహానికి పూయొద్దు. నెలల తరబడి ఒంట్లో చాలాభాగానికి ఘాటైన పూత వాడినవాళ్ళు ఇది చదివి ఠక్కున ఆపొద్దు. సోరియాసిస్ ఉన్నవాళ్ళు స్టీరాయిడ్ మాత్ర, ఇంజెక్షను అసలే సొంతంగా తీసుకోవద్దు. ఆపినప్పుడు ఒళ్ళంతా చీముపొక్కులతో తిరగబడే ప్రమాదం ఉంది.

9. ఎప్పుడు ఆగకూడదు

దద్దుర్లతోపాటు పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా అప్పుడే 108కి ఫోన్ చెయ్యాలి. కొత్తమాత్ర మొదలుపెట్టిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో జ్వరంతో మచ్చలు లేచి, నోట్లోనో కళ్ళలోనో పుండ్లు పడితే, చర్మం ముట్టుకుంటే ఊడితే, ఆ మాత్ర ఆపి ఆరోజే ఆసుపత్రిలో చేరాలి. మూర్ఛకు, కీళ్ళవాతానికి ఇచ్చే కొన్ని మందులు, సల్ఫా మాత్రలు దీనికి పేరుపడ్డవి. ఒళ్ళంతా ఎర్రబారి పొట్టు రాలుతూ చలి పుడుతున్నా అదే తొందర.

మిగతావాటికి నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల చర్మవ్యాధుల ఓపీ ఉంది. పోయేరోజు మచ్చమీద ఏ క్రీమూ, పసుపూ, వేపాకు ముద్దా లేకుండా పోండి. ఫంగస్ పరీక్షకు అంచునుంచి పొలుసు గీకి, కె.ఓ.హెచ్. ద్రావణంలో వేసి మైక్రోస్కోపులో చూస్తారు. అప్పటికే ఫంగస్ మందు పూస్తూ ఉంటే ఉన్నది కూడా కనపడకపోవచ్చు, ఆ సంగతి ముందే చెప్పాలి. ఇంతవరకు పూసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్ళండి. పేరు గుర్తులేని 'ఆ పచ్చ ట్యూబు'లో ఏముందో చీటీకంటే ఆ రేకే ముందు చెబుతుంది.